క్రెడిట్, డెబిట్ – రెండు మాటలు, రెండు పుస్తకాలు

సెప్టెంబరు నాలుగో తేదీ. దీపాలు పెట్టే వేళ. రచ్చబండ దగ్గర పొదుపు సంఘం కూర్చుంది. సంఘంలో పదిమంది. బ్యాంకులో లక్ష రూపాయలు అప్పు తీసుకున్నారు. నెలకు మనిషికి 500 కంతు. పదిమందికి 5,000. దానితో పాటు మనిషికి 100 పొదుపు. పదిమందికి 1,000.

ప్రతి నెలా అయిదో తేదీన లీడరు సుజాత బ్యాంకుకు పోయి కట్టి వస్తుంది. ఆ సాయంత్రం ఎవరూ డబ్బు తీయలేదు.

"ఆగస్టు కంతు ఏమైంది?" అని ఈరమ్మ అడిగింది.

"కట్టాను వదినా."

"కడితే పుస్తకంలో ఏదీ? మా వాడు చూశాడు. జూలై కంతు ఉంది. ఆగస్టుది లేదు. పైగా వడ్డీ వేశారు."

సుజాత ముఖం చిన్నబోయింది. "బ్యాంకులో ఇచ్చిన చీటీ వానకు తడిసి నానిపోయింది. నేను కట్టాను వదినా. నా బిడ్డల మీద ఒట్టు."

"ఒట్లు ఎందుకే? లెక్క చెప్పు" అన్నారు ఒకరిద్దరు. మిగతావాళ్లు నేల చూపులు చూశారు. సుజాత కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాములమ్మకు యాభై ఏళ్లు. రాత్రి బడిలో చదువు నేర్చింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాలు కూడా గుర్తు పడుతుంది. ఆమె లేచింది.

"తొందరపడి మాట అనకండి. మాట జారితే మళ్లీ తీసుకోలేం. సంఘం పుస్తకాలు ఎన్ని?"

"రెండు పిన్నీ. పొదుపుది ఒకటి, అప్పుది ఒకటి."

"రెండూ ఇయ్యి. నీ ఫోను కూడా ఇయ్యి."

రాములమ్మ దీపం దగ్గర కూర్చుంది. పుస్తకాల్లో రెండు మాటలు మళ్లీ మళ్లీ కనిపించాయి. ఒకటి క్రెడిట్. రెండవది డెబిట్.

ఈ రెండు మాటలూ మనం కూడా నేర్చుకుందాం. సుజాత సంగతి ఆ తర్వాత తేలుతుంది.

1. మాటల అర్థం

క్రెడిట్ అంటే జమ. ఖాతాలో డబ్బు వేయడం.
డెబిట్ అంటే ఖర్చు రాయడం. ఖాతాలో నుంచి డబ్బు తీయడం.

పాసు పుస్తకంలో చాలాసార్లు ఈ మాటలు పూర్తిగా ఉండవు. రెండేసి అక్షరాలే ఉంటాయి. క్రెడిట్‌కు సి, ఆర్. డెబిట్‌కు డి, ఆర్. రెండింటిలోనూ ఆర్ ఉంది. కాబట్టి మొదటి అక్షరం చూడాలి.

సి అక్షరం నెలవంకలా ఉంటుంది. ఒక పక్క నోరు తెరిచి ఉంటుంది. నోరు తెరిచిన సంచిలో డబ్బు పడుతుంది. అది జమ.
డి అక్షరం నారి కట్టిన విల్లులా ఉంటుంది. విల్లు నుంచి బాణం బయటికి పోతుంది. డబ్బు కూడా అలాగే పోయింది. అది ఖర్చు.

ఈ మాటలు లాటిన్ అనే పాత భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చాయి. క్రెడిట్‌కు మూలం నమ్మకం. డెబిట్‌కు మూలం బాకీ. ఈ రెండు మూలాలు గుర్తుంచుకోండి. ముందు ముందు పనికి వస్తాయి.

2. పొదుపు పుస్తకం

సంఘం పొదుపు ఖాతా నంబరు చివర 417 ఉంది. పుస్తకంలో జూలై వరకే అచ్చు పడింది. ఆ వరుస ఇలా ఉంది.

జూలై 5 – పొదుపు – క్రెడిట్ 1,000 – నిల్వ 21,000

అంటే జూలై అయిదున 1,000 జమ అయింది. అంతా కలిపి 21,000 నిల్వ ఉంది. పొదుపు పుస్తకంలో క్రెడిట్ పడితే నిల్వ పెరుగుతుంది. డెబిట్ పడితే నిల్వ తగ్గుతుంది. ఇది తేలిక.

3. అప్పు పుస్తకం

అప్పు ఖాతా నంబరు చివర 862 ఉంది. దానిలో వరుసలు ఇవి.

జూన్ 1 – అప్పు – డెబిట్ 1,00,000 – బాకీ 1,00,000
జూన్ 30 – వడ్డీ – డెబిట్ 575 – బాకీ 1,00,575
జూలై 5 – కంతు – క్రెడిట్ 5,000 – బాకీ 95,575
జూలై 31 – వడ్డీ – డెబిట్ 572 – బాకీ 96,147
ఆగస్టు 31 – వడ్డీ – డెబిట్ 572 – బాకీ 96,719

మొదటి వరుస చూసి రాములమ్మ ఆగిపోయింది. లక్ష రూపాయలు సంఘానికి వచ్చాయి కదా. మరి డెబిట్ అని ఎందుకు రాశారు?

ఆమె చాలాసేపు ఆలోచించింది. పుస్తకం అట్ట మీద చూసింది. అది అప్పు ఖాతా. అప్పుడు అర్థమైంది.

అప్పు పుస్తకంలో ఉండేది మన డబ్బు కాదు. మన బాకీ. డెబిట్‌కు మూలం బాకీ అని చెప్పుకున్నాం. అప్పు ఇచ్చినప్పుడు బ్యాంకు మన పేరున బాకీ రాసింది. కాబట్టి డెబిట్. వడ్డీ వేస్తే బాకీ పెరిగింది. అదీ డెబిట్. కంతు కడితే అది మన పేరున జమ. అది క్రెడిట్. బాకీ తగ్గింది.

పొదుపు పుస్తకంలో: క్రెడిట్ – మన డబ్బు పెరుగుతుంది. డెబిట్ – మన డబ్బు తగ్గుతుంది.
అప్పు పుస్తకంలో: క్రెడిట్ – మన బాకీ తగ్గుతుంది. డెబిట్ – మన బాకీ పెరుగుతుంది.

ఊళ్లో షావుకారు పద్దు కూడా ఇంతే. సరుకు తెస్తే మన పేరున బాకీ రాస్తాడు. డబ్బు ఇస్తే జమ రాస్తాడు. పద్దు పాతదే. మాట ఇంగ్లీషుది.

అయితే ఈరమ్మ చెప్పింది నిజమే. అప్పు పుస్తకంలో ఆగస్టు 5న క్రెడిట్ లేదు. అలాగని సుజాత డబ్బు వాడుకుందని చెప్పవచ్చా? ఇంకా ఫోను చూడలేదు.

4. మాట వాడే తీరు

ఫోనుకు బ్యాంకు నుంచి వచ్చే సందేశంలో క్రెడిట్ అని ఉండదు. క్రెడిటెడ్ అని ఉంటుంది. డెబిట్ అని ఉండదు. డెబిటెడ్ అని ఉంటుంది. ఎందుకు?

క్రెడిట్, డెబిట్ అనే మాటలు పేరుగానూ వాడతారు. పనిని తెలిపే మాటగానూ వాడతారు. తెలుగులో జమ అనేది పేరు. జమ అయింది అంటే పని జరిగింది. తెలుగులో పక్కన 'అయింది' అని ఇంకో మాట చేరుస్తాం. ఇంగ్లీషులో ఆ మాట చివరనే 'ఎడ్' చేరుస్తారు.

క్రెడిట్ – జమ. క్రెడిటెడ్ – జమ అయింది.
డెబిట్ – ఖర్చు. డెబిటెడ్ – ఖర్చు పడింది.

ఒక్కోసారి ముందు 'విల్ బీ' అని ఉంటుంది. విల్ బీ డెబిటెడ్ అంటే ఇంకా తీయలేదు, ఇక ముందు తీస్తారు. కంతు తేదీకి ముందు ఇలాంటి సందేశం వస్తుంది. ఖాతాలో డబ్బు ఉంచుకోండి అని దాని భావం. విల్ బీ క్రెడిటెడ్ అంటే ఇంకా పడలేదు, పడుతుంది. పడేదాకా దాన్ని లెక్కలో కలపకూడదు.

ఇక తోడు మాటలు. క్రెడిటెడ్ పక్కన తరచు 'టు' వస్తుంది. డెబిటెడ్ పక్కన తరచు 'ఫ్రమ్' వస్తుంది.

టు అంటే కు. ఫ్రమ్ అంటే నుంచి.

తెలుగులో కు, నుంచి అనేవి పేరు తర్వాత వస్తాయి. ఖాతాకు, ఖాతా నుంచి. ఇంగ్లీషులో పేరుకు ముందు వస్తాయి. టు అకౌంట్, ఫ్రమ్ అకౌంట్. కాబట్టి టు, ఫ్రమ్ కనిపిస్తే వాటి తర్వాత ఏముందో చదవాలి. ఏ ఖాతాకు? ఏ ఖాతా నుంచి? అసలు సంగతి అక్కడే ఉంటుంది.

కొన్ని బ్యాంకులు టు, ఫ్రమ్ బదులు 'బై' అనో 'విత్' అనో రాస్తాయి. అప్పుడు ఆ మాట తర్వాత మొత్తం ఉంటుంది. క్రెడిటెడ్ బై 500 అంటే 500 జమ అయింది. ఎలా రాసినా మూడు చూడండి. ఏ మాట? ఎంత మొత్తం? ఏ ఖాతా?

5. ఫోనులో ఏముంది?

రాములమ్మ ఫోనులో సందేశాలు ఒక్కొక్కటే వెనక్కు జరిపింది. ఆగస్టు 5న రెండు సందేశాలు ఉన్నాయి.

రూపీస్ 1,000 క్రెడిటెడ్ టు అకౌంట్ 417.
రూపీస్ 5,000 క్రెడిటెడ్ టు అకౌంట్ 417.

రాములమ్మ రెండోది మళ్లీ చదివింది. వేలు పెట్టి చదివింది. టు అకౌంట్ 417. అంటే పొదుపు ఖాతాకు. అప్పు ఖాతా నంబరు 862 కదా!

రాములమ్మ అందరినీ దగ్గరికి పిలిచింది. "సుజాత డబ్బు కట్టింది. అయిదు వేలూ బ్యాంకులోనే ఉంది. పడాల్సిన చోట పడలేదు. అప్పు ఖాతాకు పోవాల్సింది పొదుపు ఖాతాకు పోయింది."

సుజాతకు అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆ రోజు బ్యాంకులో జనం ఎక్కువ. చీటీలు రాసిపెట్టమని ఒక కుర్రాడిని అడిగింది. చేతిలో పొదుపు పుస్తకం ఉంది. అతడు రెండు చీటీల మీదా అదే నంబరు రాశాడు. ఫోనులో క్రెడిటెడ్ అని చూసి కంతు పడింది అనుకుంది. టు తర్వాత ఏముందో చూడలేదు.

ఈరమ్మ కాసేపు మాట్లాడలేదు. "చీటీ నేనూ చదవలేను, నువ్వూ చదవలేదు. నోరు మాత్రం నేనే పారేసుకున్నాను. మనసులో పెట్టుకోకు సుజాతా" అంది. తన 600 తీసి ముందు పెట్టింది. మిగతావాళ్లూ పెట్టారు.

6. తప్పు ఎలా సరిచేశారు?

మర్నాడు సుజాత, రెండో లీడరు, రాములమ్మ ముగ్గురూ బ్యాంకుకు పోయారు. ముందు పొదుపు పుస్తకంలో అచ్చు వేయించారు. ఆగస్టు 5న 1,000 ఒకటి, 5,000 ఒకటి రెండు క్రెడిట్‌లు కనిపించాయి. నిల్వ 27,000 ఉంది.

మేనేజరు గారికి చూపించారు. సంఘం తీర్మానం ఇచ్చారు. పొదుపు ఖాతా నుంచి డబ్బు తీయడానికి లీడర్లు ఇద్దరూ సంతకాలు చేశారు. ఆయన డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చారు. ఒకే మొత్తం రెండు పుస్తకాల్లో ఇలా పడింది.

పొదుపు పుస్తకం 417: సెప్టెంబరు 5 – డెబిట్ 5,000 – నిల్వ 22,000
అప్పు పుస్తకం 862: సెప్టెంబరు 5 – క్రెడిట్ 5,000 – బాకీ 91,719

చూశారా? ఒక చోట డెబిట్ అయిన డబ్బే ఇంకో చోట క్రెడిట్ అయింది. డెబిటెడ్ ఫ్రమ్ 417. క్రెడిటెడ్ టు 862.

తర్వాత సెప్టెంబరు కంతు 5,000 కట్టారు. ఈసారి చీటీ మీద నంబరు రాములమ్మే రాసింది. బాకీ 86,719 కు దిగింది.

ఆగస్టు కంతు నెల రోజులు వేరే ఖాతాలో ఉన్నందుకు అప్పు మీద వడ్డీ సుమారు 26 రూపాయలు ఎక్కువ పడింది. ఇరవై ఆరు రూపాయలే కావచ్చు. ఇలాగే నాలుగు నెలలు గడిస్తే? సంఘం కంతులు తప్పినట్టు లెక్క పడుతుంది. కంతులు తప్పిన సంఘానికి మళ్లీ అప్పు పుట్టడం కష్టం. ఒక మనిషి మీద నింద కూడా మిగిలిపోతుంది.

7. ఈ మాటలు ఇంకా ఎక్కడ వినిపిస్తాయి?

కార్డులు: డెబిట్ కార్డు గీకితే మన ఖాతాలో ఉన్న మన డబ్బే పోతుంది. క్రెడిట్ కార్డు గీకితే బ్యాంకు అప్పు ఇస్తుంది. గడువులోగా తీర్చాలి. లేకపోతే వడ్డీ పడుతుంది. జమకు క్రెడిట్ అంటారు కదా, అప్పుకు కూడా క్రెడిట్ ఏమిటి? మూలం గుర్తు చేసుకోండి. నమ్మకం. నమ్మి ఇచ్చేదే అప్పు. కాబట్టి క్రెడిట్ కార్డు అంటే జమ కార్డు కాదు. అరువు కార్డు.

మెప్పు: "పని నేను చేశాను, క్రెడిట్ ఆయనకు పోయింది" అంటారు. ఇక్కడ క్రెడిట్ అంటే మంచి పేరు. ఇలాంటి చోట డెబిట్ అని ఎవరూ అనరు.

బీమా: కొందరి పాసు పుస్తకంలో ఏడాదికి ఒకసారి 20 రూపాయలు, 436 రూపాయలు డెబిట్ అవుతాయి. 20 ప్రధానమంత్రి సురక్షా బీమాకు. అది ప్రమాద బీమా. 436 ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు. అది ప్రాణ బీమా. 2022 జూన్ నుంచి ఈ రేట్లు పెట్టారు. మీ పుస్తకంలో ఇవి డెబిట్ అయి ఉంటే మీకు ఆ బీమా ఉన్నట్టు. ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. తెలియకపోతే అడగలేరు.

ఏ.టి.ఎం.: కార్డు పెడితే నోట్లు రాలేదు. కానీ డెబిటెడ్ అని సందేశం వచ్చింది. కంగారు పడకండి. రిజర్వు బ్యాంకు 2019లో దీనికి నియమం పెట్టింది. 5 రోజుల లోపల బ్యాంకు ఆ డబ్బును తిరిగి క్రెడిట్ చేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు కలిపి ఇవ్వాలి. ఆ సందేశం చెరపకండి. అదే మీ సాక్ష్యం.

వేలిముద్ర: ఊళ్లో వేలిముద్ర యంత్రం దగ్గర డబ్బు తీస్తాం. "పడలేదు, మళ్లీ వేలు పెట్టమ్మా" అంటారు. రెండుసార్లు వేలు పెడితే రెండు డెబిట్‌లు పడ్డాయేమో చూడండి. చీటీ అడిగి తీసుకోండి.

మోసం: "మీ ఖాతాకు డబ్బు క్రెడిట్ చేస్తాం, ఫోనులో పిన్ నొక్కండి" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఫోనులో పిన్ నొక్కేది డబ్బు పంపడానికి. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. క్రెడిట్ అని నోటితో అంటారు. జరిగేది డెబిట్. అలా డబ్బు పోతే ఆలస్యం చేయకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. బ్యాంకుకూ చెప్పండి.

గుర్తుంచుకోండి

* క్రెడిట్ – జమ. డెబిట్ – ఖర్చు.
* ముందు పుస్తకం అట్ట చూడండి. పొదుపుదా? అప్పుదా?
* టు అంటే కు. ఫ్రమ్ అంటే నుంచి. వాటి తర్వాత ఉన్న నంబరు చదవండి.
* విల్ బీ ఉంటే పని ఇంకా జరగలేదు.
* కట్టిన ప్రతిసారీ పుస్తకంలో అచ్చు వేయించండి. చీటీ దాచండి.
* లెక్క చూడకుండా మనిషిని అనుమానించకండి. లెక్క అడగడం మాత్రం మానకండి.

ఖాళీలు నింపండి

1. పొదుపు పుస్తకంలో వడ్డీ పడితే అది ........ అవుతుంది.
2. అప్పు పుస్తకంలో వడ్డీ పడితే అది ........ అవుతుంది.
3. రూపీస్ 300 డెబిటెడ్ ........ అకౌంట్ 417.
4. ........ కార్డుతో కొంటే అది అరువు.

ఆలోచించి చెప్పండి

1. ఆగస్టు కంతు విషయంలో సుజాత చేసిన పొరపాటు ఏమిటి? ఈరమ్మ చేసిన పొరపాటు ఏమిటి?
2. మీ సంఘం పుస్తకాలు ఎవరి దగ్గర ఉన్నాయి? మీరు చివరిసారి ఎప్పుడు చూశారు?

చేసి చూడండి

మీ పాసు పుస్తకం తెరవండి. చివరి అయిదు వరుసలు చదవండి. జమ ఉన్న చోట సి పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టండి. ఖర్చు ఉన్న చోట డి పక్కన చుక్క పెట్టండి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది, పక్కవారికి చెప్పండి. చెప్పలేని వరుస ఒక్కటి ఉన్నా, రేపు బ్యాంకుకు పోయి అడగండి. మీ డబ్బు సంగతి అడిగే హక్కు మీకు ఉంది.

జవాబులు: 1. క్రెడిట్ 2. డెబిట్ 3. ఫ్రమ్ 4. క్రెడిట్